మా అత్త పెనం బండి

మా మేనత్త చనిపోయిన కబురు తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు నేను ఖమ్మంలో మా ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. "అక్కా, అత్త పోయింది. జ్వరం తలకెక్కిందన్నరు. పొద్దున్నే పోయింది," అన్నాడు. చేతిలోని తడి దుప్పటిని మళ్ళీ బకెట్‌లో పడేశాను. వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. "జల్దీ రా. ఈడ అప్పుడే ఫ్లెక్సీ కడుతున్నరు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతులో దుఃఖం కంటే రోతే ఎక్కువ వినిపించింది.

బస్సు దిగేసరికి నాకూ అదే రోత పట్టుకుంది. పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవిలోకి మట్టిబాట చీలే చోట ఒక చిన్న ఊరుంది. అత్త ఆ ఊళ్ళో ఒంటిగది కిరాయికి తీసుకుని ఉండేది. అక్కణ్నుంచి రోజూ అడవి లోపలి కోయగూడేనికి వెళ్ళి అంగన్‌వాడీ నడిపేది. ఆ గది ముందు, పాడెకు వెదురు బొంగులైనా రాకముందే, రెండు గుంజల మధ్య పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఆ మండలంలోని ఒక కాంట్రాక్టరు సగం బట్ట నిండా దండం పెడుతూ నవ్వుతున్నాడు. కింద మూలన, కంచమంత గుండ్రంలో మా అత్త. 'అడవి బిడ్డల అమ్మకు అశ్రునివాళి' అని రాయించాడు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. చితికని తెచ్చిన కట్టెలు ట్రాక్టరులో తడుస్తున్నాయి. గూడెం ఆడవాళ్ళు బురద కాళ్ళతో గుంపుగా వచ్చారు. ముందు నడిచిన ముసలామె ఫ్లెక్సీ దగ్గర ఆగి, దాన్ని ఎగాదిగా చూసి మా నాన్నను అడిగింది.

"ఈ నవ్వేటాయన ఎవరయ్యా? ఈయన గూడ సచ్చిపోయిండా?"

నాన్న వెళ్ళి ఫ్లెక్సీ తాళ్ళు కోసేశాడు. ఆ ఫ్లెక్సీని తిరగేసి, కాంట్రాక్టరు నవ్వు కట్టెలకు ఆనేటట్టు ట్రాక్టరు మీద కప్పాడు. కాంట్రాక్టరు మనుషులిద్దరు, "ఏంది పెద్దాయనా, గిట్ల చేస్తివి?" అని గొణిగారు గానీ, ఆ ఆడవాళ్ళ మొహాలు చూసి దగ్గరికి రాలేదు. కట్టెలు మరీ తడవకుండా మిగిలాయి. దహనం ఆగకుండా జరిగింది.

ఆ ఫ్లెక్సీలోని ఫోటోలో మా అత్త వికలాంగులకిచ్చే మూడు చక్రాల సైకిల్ మీద కూర్చుని ఉంది. మెడలో బంతిపూల దండ. చూసినవాళ్ళు ఆ సైకిల్ ఆమెదే అనుకుంటారు. ఫోటో తీసినంత సేపే ఆమె దాని మీద కూర్చుంది. పోయిన మనిషి గురించి మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. ఆ ఫోటో సంగతి చెప్పకుండా మాత్రం నాకు కలం కదలదు.

అత్త మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. పసితనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుపడింది. నడిచేటప్పుడు కుడిచేత్తో తొడను అదిమిపట్టి, ఒక్కొక్క అడుగూ ముందుకు నెట్టుకునేది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకుంటే, పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందె చంకనేసుకుని పాల్వంచలో మా ఇంటికి వచ్చేసింది. నాన్నకు బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఇంటి కప్పు మీద, గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద ఎప్పుడూ సన్నటి బూడిద. మా అమ్మ బతుకంతా ఆ బూడిద తుడవడంతోనే సరిపోయింది. తుడిచి తుడిచి అమ్మకు శుభ్రమంటే ఒక పిచ్చిలా పట్టుకుంది. అది నాకూ అంటింది. మా అత్తకు మాత్రం ఏ కోశానా అంటలేదు.

అత్త పొగాకు నమిలేది. పెరటి గోడ వారగా ఉమ్మేది. పేనును గోటి మీద పెట్టి నొక్కి, అదే చేత్తో చిక్కుడుకాయలు తుంచేది. నేను మొహం తిప్పుకుంటే నవ్వేది. ఎవరు ఏ మురికి చూపించి తిట్టినా ఆమె దగ్గర ఒకటే మాట ఉండేది. "కడిగితె పోతది తీ." కొన్ని కడిగినా పోయేవి కావు. ఆ మాట అంటే వినేది కాదు.

పదో తరగతి చదివి ఉండటంతో అంగన్‌వాడీ ఉద్యోగం వచ్చింది. వేరే ఎవరూ ఆ గూడేనికి పోమన్నారు కాబట్టే అది ఆమెకు దక్కింది. మట్టిబాట చీలే ఆ క్రాస్‌రోడ్డు నుంచి గూడేనికి బస్సు లేదు, ఆటో రాదు. మధ్యలో ఒక వాగు. మామూలు మనిషి నడిచినా చెమటలు పట్టే దూరం. తెల్లారకముందే బయల్దేరి, తొడను నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఆమె చేరేసరికి పొద్దెక్కిపోయేది. పిల్లలు అప్పటికే అమ్మల వెంట ఇప్పపువ్వు ఏరడానికో, కూలికో వెళ్ళిపోయేవాళ్ళు. శనివారం మా ఇంటికి వచ్చినప్పుడు కొబ్బరినూనె రాసుకుంటుంటే చూశాను. చెయ్యి అదిమిన చోట తొడ మీద నల్లగా కమిలిన మచ్చ.

ఆ కాంట్రాక్టరుకు ఆమె ఉద్యోగం తన కోడలికి కావాలి. అడవిలోకి పోవాలని కాదు, ఇంట్లో కూర్చుని జీతం తీసుకోవాలని. "కుంటిది, టైముకు రాదు, పిల్లలకు పిండి పెట్టదు," అని పై ఆఫీసుకు అర్జీలు పెట్టించాడు. టైముకు రాదన్నది నిజమే. అందుకే అత్తకు భయం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో మండల కేంద్రంలో షామియానా వేసి, మూడు చక్రాల సైకిళ్ళు పంచుతున్నామని పిలిచారు. నాన్న, నేను అత్తను తీసుకెళ్ళాం. ఆమె పేరు మైకులో పిలిచారు. సైకిల్ మీద కూర్చోబెట్టి, దండ వేసి, ఎవరో పెద్దాయన ఒకవైపు, ఈ కాంట్రాక్టరు ఇంకోవైపు నిలబడి ఫోటో దిగారు. చప్పట్లు కొట్టారు. అత్త హ్యాండిల్ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. పెద్దాయన జీపు కదలగానే కాంట్రాక్టరు మనిషి ఒకడు వచ్చాడు.

"అమ్మా, దిగు. ఈ సైకిల్ వేరే ఊరోళ్ళది. నీది మళ్ళ వస్తది."

"పేరు పిలిచిన్రు గద?"

"పిలుస్తరు. ఫోటో కోసం పిలుస్తరు. దిగు, జల్దీ."

దిగడానికి ఆమెకు సమయం పడుతుంది. అంతసేపు వాళ్ళు ఆగలేదు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి, ఉప్పు బస్తాను దించినట్టు కింద పెట్టేశారు. ఆమె చెప్పు ఒకటి సైకిల్ మీదే ఉండిపోయింది. ఒకడు దాన్ని బూటు కొసతో కిందికి తోశాడు. ఆ బూటు, ఆ చెప్పు, మైకులో అప్పటికే మొదలైన పాటలు. ఇన్నేళ్ళయినా ఏ సభలో చప్పట్లు మొదలైనా నేను లేచి బయటికి వచ్చేస్తాను.

అత్త ఏడవలేదు. మెడలో దండ తీసి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించింది. "ఇది గూడ వేరే ఊరోళ్ళదే అయ్యుంటది. తీస్కపోండ్రి," అంది.

తిరిగి వచ్చేటప్పుడు పాల్వంచ బస్టాండు దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు ఆమె ఆగిపోయింది. తుప్పు పట్టిన డ్రమ్ముల మధ్య ఒక ఎర్రటి బండి పడి ఉంది. మోటారు సైకిలే, కాని మోకాలి ఎత్తు. చక్రాలు బూరెల్లా లావుగా, పొట్టిగా ఉన్నాయి. అలాంటివి అప్పుడప్పుడే హైదరాబాదులో అగ్గువకు దొరుకుతున్నాయట. ఫ్యాక్టరీ కాలనీలో ఒక ఆఫీసరు తన కొడుకు కోసం తెప్పించాడట. ఆ పిల్లాడు మోకాళ్ళు చెక్కుకుని దాని జోలికి పోవడం మానేస్తే, ఇంజను బిగుసుకుపోయి కొట్టుకు చేరింది.

"దీని కిక్కేదయ్యా?" అని అడిగింది అత్త.

"కిక్కు లేదమ్మా. తాడు గుంజితె స్టార్టయితది."

"గేర్లు?"

"లేవు. బ్రేకులు గూడ రెండూ చేతికే. చిన్నపిల్లల బండి గద."

"అంటె కాలుతోని పనే లేదా?"

"లేదమ్మా."

ఆ మాట ఆమె అతనితో ఇంకోసారి చెప్పించుకుంది. మర్నాడు పొద్దున్నే ఇత్తడి బిందె కొట్లో ఇచ్చి, ఆ బండిని రిక్షాలో వేసుకుని వచ్చింది.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. అత్త సెలవు పెట్టి పెరట్లో కూర్చుంది. మోపెడ్లు బాగుచేసే మెకానిక్ వచ్చి చూసి, ఇది మిరపతోటల్లో మందు కొట్టే మిషన్ ఇంజను లాంటిదే అన్నాడు. ఆ మిషన్ సామాన్లే తెచ్చి ఇంజను వరకు ఆడేటట్టు చేశాడు. మిగతాది తన వల్ల కాదన్నాడు. పెట్రోలు ట్యాంకు పగిలిపోయింది, సీటు లేదు, ఇంజనుకు గాలి వడగట్టే జల్లెడ లేదు, పైన ప్లాస్టిక్ ముక్కలు ముక్కలు. వాటికి విడిభాగాలు ఎక్కడా దొరకవు. అత్త మా వంటింటి వైపు చూసింది.

ముందు వంటనూనె క్యాన్ మాయమైంది. అది ట్యాంకయింది. కూర్చునే పీట మాయమైంది. దాని మీద నా పాత దిండు కుట్టి, పైన రెక్సిన్ తొడిగి సీటు చేసింది. హ్యాండిల్ మరీ కిందికి ఉందని పరదా పైపు కోసి ఎత్తు పెంచింది. బట్టలారేసే నైలాన్ తాడు స్టార్టరుకు పోయింది. చక్రం మీది బురద ఎగరకుండా ప్లాస్టిక్ బకెట్‌ను నిలువునా కోసింది. సైలెన్సరు చప్పుడు తగ్గాలని గిన్నెలు తోమే స్టీలు పీచంతా దాంట్లో కూరింది. ఒక సాయంత్రం అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"నా అట్ల పెనమేదే?"

"ఈడనే ఉంది వదినె. కాలు పెట్టుకున్న."

అమ్మ బయటికి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కుడికాలు వెనక్కి మడవడానికి రాదు కాబట్టి, పెనం కాడను బండి ముందు భాగానికి బోల్టులతో బిగించి, దాంట్లో పాదం పెట్టుకుని కూర్చుంది అత్త. పెనానికి అంచు ఉంటుంది. కాలు జారిపోదు.

"అన్నం తినే ఇల్లా ఇది, షెడ్డా? పెనం మీద కాలు పెడ్తవా?"

"కొత్తది కొనిస్త వదినె."

"నాకు వద్దు! ఆ చేతులతోని నా వంటింట్లకు రాకు!"

పెనం కంటే టీ జల్లెడ సంగతి ఘోరం. దాన్ని తీసుకెళ్ళి, స్పాంజి ముక్క కుక్కి, ఇంజనుకు గాలి జల్లెడగా పెట్టింది. సరిగ్గా కుదరలేదని ఇంకోటి తెచ్చుకుని, మొదటిదాన్ని నీళ్ళతో జాడించి మళ్ళీ వంటింట్లో తగిలించింది. రెండో షిఫ్టుకు వెళ్ళబోతూ నాన్న టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. మొహం అదోలా పెట్టి, "దీంట్ల ఏం కలిపినవే?" అని అమ్మను అడిగాడు. నేనూ ఒక గుక్క తాగి ఉన్నాను. పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర నాకు ఆ టీ రుచే నాలుక మీదికి వస్తుంది. ఆమె ఏం చేసినా అద్భుతం అని ఇప్పుడు చెప్పలేను. హవాయి చెప్పు కోసి బ్రేకుకు వేసిన రోజు బండి ఆగకుండా పోయి అంట్లు తోమే గచ్చులో పడింది. పిక్క సైలెన్సరుకు తగిలి బొబ్బ లేచింది. దాని మీద పసుపు అద్ది, నల్లటి గోళ్ళతోనే నా కంచంలో పచ్చడి వడ్డించబోయింది. నేను కంచం జరుపుకున్నాను.

చివరికి బండి నడిచింది. అందంగా మాత్రం లేదు. మురికి బకెట్టు, నూనె క్యాను, పెనం కలిసి ఒక చెత్తకుప్పకు చక్రాలు వచ్చినట్టుండేది. దాన్ని బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు, "ఇదేందమ్మా, పాత సామాన్లు అమ్మేటోళ్ళా మీరు?" అన్నాడు. అత్త "అవ్" అంది. వాదన పెట్టుకోవడానికి ఆమెకు అప్పుడు ఓపిక లేదు.

ఇసుకలో కూరుకుపోయేది. చిన్న చక్రాలకు ప్రతి రాయీ గుట్టే. టైరుకు కొబ్బరితాడు చుట్టి నడిపేది. ఎక్కువ దూరం ఎక్కి పోవడం, కొంత దూరం దిగి తోయడం. అయినా పిల్లలు కూలికి పోకముందే గూడెం చేరడం మొదలుపెట్టింది. చప్పుడు వినగానే పిల్లలు పళ్ళేలు, గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారట. అర్జీల్లో రాయించడానికి కాంట్రాక్టరుకు ఏమీ మిగల్లేదు.

అప్పుడు బండి మీద పడ్డాడు.

పై ఆఫీసు నుంచి పెద్ద మేడమ్ తనిఖీకి వస్తుందన్న రోజుకు ముందు రోజు, క్రాస్‌రోడ్డు దగ్గర ఒక కానిస్టేబులు అత్తను ఆపాడు. నంబరు లేదు, కాగితాలు లేవు అని బండి లాక్కుని ఠాణాలో పెట్టారు. ఎవరు చెప్పి పట్టించారో ఊరందరికీ తెలుసు. అత్త ఫోన్ చేయిస్తే నాన్న డ్యూటీ మానుకుని బయల్దేరాడు, నేనూ వెంట వెళ్ళాను. మేం చేరేసరికి ఠాణా ఆవరణలో ఆ కానిస్టేబులు మోకాళ్ళు చెవుల దాకా ముడుచుకుని బండి మీద తిరుగుతున్నాడు. మిగతావాళ్ళు ఈలలు వేస్తున్నారు. బూటు కాళ్ళు పెనంలో పెట్టి, "అట్లు ఎయ్యాల్నా?" అని అరుస్తున్నాడు. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. బతిమాలే మొహం కాదు అది. నాన్నే బతిమాలాడు.

ఎస్సై ఒప్పుకోలేదు. "రూల్సంటె రూల్సు. బండి ఈడనే ఉంటది," అన్నాడు.

"మంచిది సార్," అంది అత్త. "బండి మీరే ఉంచుకోండ్రి. నా ఇంటి సామాన్లు నాకిచ్చెయ్యిన్రి."

"ఇంటి సామాన్లేంది?"

"పెనం మా వదినెది సార్. రోజూ అడుగుతున్నది."

ఎస్సై నవ్వాడు. తీసుకోమన్నాడు. అత్త నాన్నతో బండిని అరుగు మీదికి ఎక్కించి, కట్టింగ్ ప్లేరు తీసి, దాని పక్కన చతికిలబడి పెనం విప్పింది. తర్వాత పీట. తర్వాత పరదా పైపు. నైలాన్ తాడు లాగింది. నూనె క్యాను ఊడదీస్తే పెట్రోలు అరుగు మీద పారింది. వాసనకు ఎస్సై లేచి నిలబడ్డాడు. టీ జల్లెడ తీసి, దాంట్లోని మడ్డి నేలకు కొట్టి దులిపింది. సైలెన్సరులోకి వేళ్ళు పెట్టి నల్లటి స్టీలు పీచును చచ్చిన పందికొక్కును తోక పట్టి లాగినట్టు లాగింది. అది నూనె కారుకుంటూ బయటికి వచ్చి ఎస్సై బూటు పక్కన పడింది. నేను ముక్కు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నాడు.

"ఏందమ్మా ఈ గలీజు! ఆపు!"

"ఇంకా బకెట్ ఉంది సార్."

మిగిలింది రెండు పొట్టి చక్రాలు, ఒక ఇంజను. కాసేపటి కింద ఈలలు వేసినవాళ్ళు ఇప్పుడు ఎస్సైని చూసి నవ్వు ఆపుకుంటున్నారు. ఆయన దాన్ని చూశాడు, తన అరుగు చూసుకున్నాడు.

"తీస్కపో! అంతా తీస్కపో! రోడ్డెక్కకు, అడవిల ఏమన్న చేసుకో. ముందు ఈ అరుగు కడుగు!"

"కడుగుత సార్. కడిగితె పోతది."

నిజంగానే నీళ్ళు తెచ్చి కడిగి, సామానంతా గోనెసంచిలో వేసుకుని వచ్చింది. ఆ సాయంత్రం ఆమె గదిలో నేను బోల్టులు పట్టుకుంటే ఆమె బిగించింది. నా చేతులకు పట్టిన ఆ నలుపు, ఆ వాసన ఎన్ని సబ్బులు పెట్టినా వదల్లేదు. అన్నం చెంచాతో తిన్నాను.

మర్నాడు నేనూ ఆమె వెంట గూడేనికి నడిచాను. పైన ఎక్కడో వాన పడి వాగు ఎర్రగా పారుతోంది. ఇంజను చప్పుడు విని అవతలి ఒడ్డుకు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు నడుంలోతు నీళ్ళలో దాటి వచ్చి, బండిని మేకపిల్లను ఎత్తినట్టు భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇంకో ఇద్దరు అత్తను చేతుల కుర్చీ వేసి మోశారు. పెట్రోలు వాళ్ళ మెడల మీదికి కారుతోంది. ఎవరూ మొహం చిట్లించలేదు.

పెద్ద మేడమ్ జీపు వాగు దాటకముందే బురదలో దిగబడిపోయింది. వెంట కాంట్రాక్టరు, ఇస్త్రీ చొక్కా. మేడమ్ చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి వచ్చేసరికి పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. అత్త వేలాడే త్రాసులో ఒక పసిదాన్ని తూస్తోంది. మేడమ్ అన్నీ చూసింది, తల్లులతో మాట్లాడింది. "ఈ దారిల రావడం నాకే కష్టమైంది, మీరు రోజూ ఎట్ల వస్తున్నరమ్మా?" అని అడిగింది. అత్త గోడకు ఆనించిన బండిని చూపించింది. మేడమ్ దాన్ని చూసి, పెనం వైపు చూపు నిలిపి, తల ఊపింది. ఉద్యోగం నిలబడింది. కాంట్రాక్టరు మొహం చూడాలని నేను వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే నవ్వు పెట్టుకుని ఉన్నాడు. "మా టీచరమ్మ చాన హుషారు మేడమ్," అంటున్నాడు. తర్వాత తర్వాత ఆ బండి తానే ఇప్పించానని కూడా చెప్పుకున్నాడు. పెట్రోలు టీకి వచ్చిన డోకు కంటే ఆ నవ్వుకు వచ్చిన డోకు పెద్దది.

ఆమె మురికి గురించి ఇంతసేపు రాశాను కాబట్టి ఇదీ రాయాలి. మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, ఇల్లంతా అద్దంలా తుడిచిన మనిషి పక్కలోనే తడుపుకోవాల్సి వచ్చింది. నాకు పెళ్ళయి, చంటిబిడ్డ. వారానికోసారి వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసేదాన్ని. చుట్టాలు గుమ్మంలోనే నిలబడి పలకరించి, చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవారు. అమ్మ ఎవరికీ మొహం చూపించేది కాదు, గోడవైపు తిరిగి పడుకునేది.

అత్త సెలవు పెట్టి వచ్చింది. వచ్చిన పూటే ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో వేడి చాకుతో గుండ్రంగా కోసి, కింద బకెట్ పెట్టింది. అమ్మను తన ఒక్క కాలి బలం మీద లేపి దాంట్లో కూర్చోబెట్టింది. గుడ్డలు తనే ఉతికింది. అమ్మ మాట ముద్దముద్దగా వచ్చేది అప్పుడు.

"నీ చేతులు... గలీజు..." అంది అమ్మ, ఏడుస్తూ.

"ఇన్నేండ్ల నుంచి గలీజే గద వదినె. కడిగితె పోతది తీ."

అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నూనె మడ్డి ఇరుక్కున్న ఆ గోళ్ళను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇప్పుడు అమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. అత్త పోయిందని చెప్పినప్పుడు, వంటింట్లోకి వెళ్ళి ఏం వెతికిందో, ఏమీ తీసుకోకుండానే బయటికి వచ్చిందట.

అత్తకు జ్వరం వచ్చినప్పుడు వేరే మనిషయితే దవాఖానాకు పోయేది. ఆమె మాత్ర వేసుకుని గూడేనికే పోయింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. ఆ అడవి జ్వరాలకు ప్రతి వానాకాలం ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. పోయినవాళ్ళందరికీ ఫ్లెక్సీలు కట్టరు. ఆ ఒక్క విషయంలో వాళ్ళు అదృష్టవంతులు.

నేను ఆమెను చివరిసారి చూసింది ఈ వానలకు ముందు, గూడెంలోనే. అంగన్‌వాడీ పాక ముందు బండి పక్కకు పడుకోబెట్టి ఉంది. అత్త నేల మీద కాళ్ళు చాపుకుని ప్లగ్గు విప్పింది. దానికి పట్టిన నల్లటి మసిని చీర కొంగుతో తుడిచి, ఊది, ఎండకు ఎత్తి చూసింది. నన్ను చూసి, "వచ్చినవా కోడలు పిల్లా? దూరం కూసో, నీకు వాసనొస్తది," అంది.

పాకలోంచి ఒక చిన్నపిల్ల ముక్కు కారుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడింది. అత్త ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని, అదే కొంగుతో, అదే మసి చోటుతో, ఆ పిల్ల ముక్కు గట్టిగా తుడిచింది. పిల్ల పైపెదవి మీద నల్లటి చార పడింది. నాకు డోకు వచ్చింది. తల తిప్పుకుని మళ్ళీ చూసేసరికి, ఆ పిల్ల కదలకుండా అక్కడే ఉంది. మొహం ఆ చీర కొంగులో దాచుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. అత్త ఒక చేత్తోనే ప్లగ్గు బిగించుకుంటోంది.